మృత్యుంజయ విశ్వాసం ఎవరి దినచర్యలో ఉన్నది?



తెలుగునాట ఏ వీధిలోనైనా ఘంటసాల గళంలో భగవద్గీత వినిపించిన మరుక్షణం శ్రోత మనస్సులో ఉదయించే ప్రశ్న ఒక్కటే: "ఎవరు పోయారు?" ఆత్మకు జననం లేదని, మరణం లేదని ఉద్ఘోషించే గ్రంథం వైకుంఠరథం వెంట నడిచే శబ్దంగా స్థిరపడిపోయినది. గృహప్రవేశం నాడు ఎవరైనా ఆ శ్లోకాలు పెడితే "అశుభం, ఆపండి" అనే పెద్దలు ఈనాటికీ ఉన్నారు. అమృతత్వాన్ని బోధించే వాక్కు అశుభసూచకమైనది! ఇంతకు మించిన విపర్యయం మరొకటి ఉండదు.

అదే తెలుగునాట, ఈస్టరు నాటి తెల్లవారుజామున, క్రైస్తవ కుటుంబాలు సమాధుల తోటలకు వెళ్తాయి. అంతకుముందే సమాధులను శుభ్రపరచి, సున్నం వేసి, పూలతో అలంకరిస్తారు. చీకటి వీడకముందే కొవ్వొత్తులు వెలిగించి, గతించిన తల్లిదండ్రుల ప్రక్కన నిలబడి పాటలు పాడుతారు. మృతులు లేస్తారన్న విశ్వాసం ఆ ఒక్క ప్రాతఃకాలానికి శ్మశానాన్ని పండుగ స్థలంగా మార్చివేస్తుంది.

దీనిని చూచి కొందరు ఆస్తికులు నవ్వుతారు. మట్టిలో కలిసిన శరీరం మళ్ళీ లేచి వస్తుందనడం బాలిశమని, ఆత్మ నిత్యమన్న వేదాంతమే ప్రౌఢమని అంటారు. సిద్ధాంత విషయంలో వారి నిర్ణయాన్ని కాదనవలసిన పని వైదికునకు లేదు. కాని ఒక ప్రశ్న మిగిలి ఉంటుంది. ప్రౌఢ సిద్ధాంతం కలవారు మరణమన్న మాట వినగానే వణుకుతున్నారు. బాలిశమనిపించుకున్న సిద్ధాంతం కలవారు సమాధుల నడుమ దీపాలు పెట్టి పాడుతున్నారు. ఎవరి విశ్వాసం వారి హృదయంలోనికి దిగినట్లు?

విషయం

ప్రతిపక్షాన్ని వికృతపరచి ఖండించడం వైదికుల వాదమర్యాద కాదు. న్యాయశాస్త్రం దానిని ఛలమని పేర్కొని దోషాలలో చేర్చినది. కావున పునరుత్థాన సిద్ధాంతం ఏమి చెబుతున్నదో మొదట యథాతథంగా గ్రహించవలసి ఉన్నది.

హిందూ శ్రోతలలో అధికులు పునరుత్థానాన్ని పునర్జన్మతో సమానమని భావిస్తారు. అది పొరపాటు. పునర్జన్మలో జీవుడు ఒక దేహాన్ని విడిచి కర్మానుసారంగా మరొక దేహాన్ని స్వీకరిస్తాడు. మోక్షంలో ఆ స్వీకారమే నివర్తిస్తుంది. పునరుత్థానం ఈ రెండింటిలో ఏదీ కాదు. యెరూషలేములో శిలువపై మరణించిన యేసు మూడవనాడు సశరీరంగా లేచెనని, ఆ లేవడం సమస్త మానవుల ఉత్థానానికి ప్రథమఫలమని, కాలాంతంలో ప్రతి దేహమూ రూపాంతరం చెంది లేస్తుందని క్రైస్తవుల విశ్వాసం. విత్తనానికి, దాని నుండి మొలిచిన మొక్కకు ఉన్న సంబంధం వంటిదే ఈ దేహానికి, ఆ దేహానికి ఉన్న సంబంధమని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో వివరించాడు. ఏథెన్సులో తత్త్వజిజ్ఞాసువుల ఎదుట ఈ విషయం చెప్పినప్పుడు కొందరు అతనిని పరిహసించారని క్రైస్తవ గ్రంథమే చెబుతున్నది. పరిహాసం ఈనాటిది కాదు.

ఈ విశ్వాసం నుండి మూడు నిశ్చయాలు పుడతాయి. దేహం విసిరివేయదగిన తొడుగు కాదు, దానికి ఒక భవిష్యత్తు ఉన్నది. మరణం అంతిమ వాక్యం కాదు. ఈ లోకంలో చేసిన మంచి పని వ్యర్థం కాదు. కొరింథీయులకు వ్రాసిన ఆ లేఖలో సుదీర్ఘమైన పునరుత్థాన చర్చ ముగిసిన వెంటనే పౌలు చెప్పిన మాట ఏమిటో గమనించదగినది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం ప్రతి ఆదివారం ఒక్కొక్కరు యథాశక్తి కొంత ద్రవ్యం తీసిపెట్టమని అతని ఆదేశం. ఇప్పటి గ్రంథాలలో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలలో ఉన్నవి. ఆ విభజన అనేక శతాబ్దాల తరువాత వచ్చినది. మూలలేఖలో మృత్యుజయ చర్చ, చందా సేకరణ ఒకే ప్రవాహం. పరలోకతత్త్వం చెప్పిన నోటితోనే పేదవాని అన్నం గురించి చెప్పడంలో ఆ బోధకునకు ఎట్టి సంకోచమూ కలుగలేదు.

సాక్ష్యం

విశ్వాసానికి ప్రమాణం ప్రవర్తన. క్రీస్తుశకం మూడవ శతాబ్దం మధ్యకాలంలో రోమన్ సామ్రాజ్యాన్ని ఒక మహమ్మారి సంవత్సరాల తరబడి పీడించినది. కార్తేజ్ నగర బిషప్ సిప్రియన్ దానిని వర్ణించినందున చరిత్రకారులు దానికి అతని పేరే పెట్టారు. ఆ కాలంలో క్రైస్తవులు రోగులను విడువక సేవించారని, అలా సేవిస్తూ అనేకులు మరణించారని, ఇతరులు మాత్రం తమ ఆప్తులను సైతం ప్రాణం పోకముందే వీధుల్లోకి నెట్టివేశారని అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ ఒక లేఖలో వ్రాశాడు.

ఇది స్వపక్ష కథనం కదా అని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపం న్యాయమైనదే. ఐతే ఒక శతాబ్దం తరువాత ప్రతిపక్షం నుండే సాక్ష్యం లభించినది. క్రీస్తుశకం 361 నుండి 363 వరకు రోమును పాలించిన జూలియన్ చక్రవర్తి క్రైస్తవుడుగా పెరిగి, ఆ మతాన్ని త్యజించి, ప్రాచీన దేవతారాధనను పునరుద్ధరించ సంకల్పించినవాడు. గలతియ ప్రాంతపు ప్రధాన అర్చకుడైన అర్సాకియస్‌కు వ్రాసినట్లు అతని పేరిట నిలిచిన లేఖలో అతడు ఆ మతవ్యాప్తికి చెప్పిన కారణాలు మూడు: అపరిచితుల పట్ల దయ, మృతుల సంస్కారంలో శ్రద్ధ, జీవితంలో పైకి కనబడే నియమబద్ధత. వారు తమ పేదలనే కాక దేవతారాధకుల పేదలను కూడా పోషిస్తున్నారని, దేవతారాధకుల పేదలకు మాత్రం స్వజనుల సహాయం అందడం లేదని, ఇది సిగ్గుచేటని అతడు అర్చకులను మందలించాడు. నగరనగరాన ధర్మశాలలు కట్టించమని ఆజ్ఞాపించి గోధుమలు, ద్రాక్షారసం కేటాయించాడు.

శత్రువు చేసిన ప్రశంస కంటె బలమైన సాక్ష్యం లేదు. దేవాలయాలలో దీపం పెట్టే ప్రతి అర్చకుడూ ఈ లేఖను తనకే వచ్చినట్లు చదువుకోవలసినది. పదహారు శతాబ్దాలు గడిచినా దాని చిరునామా మారలేదు.

దూరదేశపు ప్రాచీన చరిత్ర చాలదనేవారికి ఒంగోలు ఉన్నది. 1876–78 కరువులో తెలుగు ప్రాంతాలు దగ్ధమైనప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుగా తీసుకుని, ఆకలితో అలమటించే జనానికి కూలి కల్పించాడు. అన్నం కోసం మతం మారారన్న అపవాదు రాకూడదని సహాయకార్యక్రమం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం స్వీకరించారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ ఉద్యమానికి ముందునడిచిన ఎర్రగుంట్ల పేరయ్య అంతకుపూర్వం రాజయోగ సాధకుడు.

ఈ చివరి వాక్యం దగ్గర ఆస్తికుడు ఒక క్షణం ఆగవలసి ఉన్నది. పేరయ్యకు తత్త్వజిజ్ఞాస లేక కాదు. యోగమార్గంలో కూర్చుని అంతర్జ్యోతిని వెదికినవాడే అతడు. అతనికి ఆత్మతత్త్వం బోధించిన ధర్మంలోనే అతని జాతివారికి ఊరి దేవాలయ ద్వారం మూసి ఉన్నది. ఆత్మ అందరిలో ఒక్కటేనని విన్న చెవితోనే "దూరం, దూరం" అన్న కేక కూడా విన్నాడు. ఏ వాక్యం సత్యమని అతడు నమ్మవలెను?

పూర్వపక్షం

ఇచ్చట మూడు ఆక్షేపాలు బయలుదేరుతాయి. మూడూ బలమైనవే, కావున మూడింటినీ పరిశీలించవలెను.

మొదటి ఆక్షేపం: పునరుత్థాన విశ్వాసం దేహాభిమానానికి పరాకాష్ఠ. ఎప్పటికైనా వదలవలసిన దేహాన్ని శాశ్వతం చేయాలన్న ఆకాంక్ష అది. దేహాత్మబుద్ధిని ఛేదించడమే వేదాంతం పని కాగా, దానిని పెంచే సిద్ధాంతం నుండి నేర్వవలసినదేమున్నది?

సిద్ధాంతంగా ఈ ఆక్షేపం నిలుస్తుంది. ఐతే దేహాత్మబుద్ధి ఎవరిలో ఎంత ఉన్నదో ఆచరణలో చూడవలెను. ఫలానా గర్భాన జన్మించినందున ఒకడు శుద్ధుడు, మరొకడు అశుద్ధుడు అనడం దేహాత్మబుద్ధి కాక మరేమిటి? భర్త మరణించిన స్త్రీ శుభకార్యంలో ఎదురుపడితే ముఖం తిప్పుకోవడం దేహాత్మబుద్ధి కాదా? మూడు మాసాల ఆయుర్దాయం పెంచుకోవడానికి గ్రహశాంతులు చేయించుకుంటూ, మంచం పట్టిన తల్లికి పక్క మార్చడానికి జీతగాడిని వెదకడం ఆత్మజ్ఞానమా? కాశీలో శంకర భగవత్పాదుల మార్గానికి చండాలుడు అడ్డువచ్చి, "తొలగవలసినది దేహమా, ఆత్మయా?" అన్న భావంతో ప్రశ్నించినట్లు, ఆచార్యులు ప్రణమిల్లినట్లు సంప్రదాయం చెబుతున్నది. ఆ ప్రశ్న విని ప్రణమిల్లినవారు జగద్గురువులైనారు. ఆ కథను ప్రవచనాలలో చెప్పి, ఇంటికి వెళ్ళి వేరే గ్లాసులో నీళ్ళు పోసేవారు దేహాభిమానం గురించి ఇతరులకు పాఠం చెప్పే అర్హత కోల్పోయారు.

రెండవ ఆక్షేపం: క్రైస్తవంలో కర్మన్యాయం లేదు. ఒకే జన్మ, ఒకే తీర్పు. పుట్టుగుడ్డికి, పుట్టుధనికునకు గల భేదానికి అక్కడ తృప్తికరమైన సమాధానం లేదు. కర్మసిద్ధాంతమే ఆ సమాధానం ఇస్తున్నది.

ఇదీ సత్యమే. కాని ఆ మహాసిద్ధాంతం తెలుగువాని నిత్యవ్యవహారంలో ఏ రూపంలో మిగిలినదో వినవలెను. ప్రమాదంలో పడినవానిని చూచి, దగాపడిన రైతును చూచి, పస్తులున్న పిల్లవానిని చూచి రెండు పదాలలో తేల్చివేస్తారు: "వాడి ఖర్మ." ఋషులు బాధ్యతను నేర్పడానికి చెప్పిన సిద్ధాంతం బాధ్యత నుండి తప్పుకునే సాకుగా దిగజారినది. శాస్త్రం సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని కర్మను మూడు విధాలుగా విభజించినది. ఎదుటివాని దుఃఖం వాని ప్రారబ్ధమే అనుకున్నా, దానిని చూచి తప్పుకుని పోవడం చూచినవాని ఆగామి. వాని ప్రారబ్ధం వానిని ఆ స్థితికి తెచ్చినట్లే, ఇతని ప్రారబ్ధం ఇతనిని ఆ స్థితి ఎదుటకు తెచ్చినది. అక్కడ చేయి అందించడానికే తెచ్చినదని ఎందుకు గ్రహించకూడదు? కర్మసిద్ధాంతాన్ని ఇతరుల విషయంలో వివరణగా, స్వవిషయంలో కర్తవ్యంగా అన్వయించుకున్నవాడే దానిని నమ్మినవాడు. ఇతరుల విషయంలో తీర్పుగా, స్వవిషయంలో సాకుగా వాడుకునేవాడు దానిని నమ్మలేదు.

మూడవ ఆక్షేపం: ఆ సేవ అంతా మతమార్పిడికి వేసిన వల. ఆసుపత్రి, పాఠశాల, కరువు సహాయం అన్నీ ఎరలు.

ఎర వేసిన సందర్భాలు లేవని ఎవ్వరూ అనరు. దుఃఖంలో ఉన్నవాని బలహీనతను మతం పేరిట వాడుకోవడం ఎవరు చేసినా అధర్మమే. ఇతరుల దేవతలను సైతానులని దూషించే ప్రచారాన్ని సహించవలసిన అవసరమూ లేదు. పునరుత్థానాన్ని నమ్మినవారంతా సాధువులయ్యారనడం కూడా అసత్యమే. బానిస వ్యాపారం చేసినవారిలో, మతవిచారణల పేరిట హింసించినవారిలో ఆ విశ్వాసాన్ని పఠించినవారు ఉన్నారు. తెలుగు చర్చిలలో మాల మాదిగ భేదాలు ఇంకా నశించలేదు. పఠనం వేరు, పరిణామం వేరు అన్న సత్యం వారికీ వర్తిస్తుంది. ఐనను ఎర అన్న వాదం ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పదు: ఆకలి ఎందుకు మిగిలినది? చెరువు నిండా మేత ఉన్నచోట గాలానికి చేప చిక్కదు. ఎర వేసినవానిని నిందించే ముందు, ఊరిలో ధాన్యపు గాదెలు, దేవాలయ మాన్యాలు, అన్నసత్రాలు ఉండగా ఎర కోసం ఎదురుచూచే స్థితి స్వజనులకు ఎలా కలిగినదో చెప్పవలెను.

సిద్ధాంతం

ఇంతవరకు చెప్పినదానిని విని ఉత్సాహవంతులైన కొందరు ఒక నిర్ణయానికి వస్తారు: వారు ఆసుపత్రులు పెట్టినారు కనుక హిందువులూ పోటీగా పెట్టవలెను, వారు ఇంటింటికి వెళ్తున్నారు కనుక వీరూ వెళ్ళవలెను. ఈ నిర్ణయం సదుద్దేశంతో కూడినదే, కాని జూలియన్ చేసిన పొరపాటే ఇది. అతడు ఫలాన్ని చూచాడు, వేరును చూడలేదు. క్రైస్తవుల దయను అనుకరించమని అర్చకులకు ఆజ్ఞ ఇచ్చాడు, గోధుమలూ ఇచ్చాడు. ఐతే ఏ దర్శనం నుండి ఆ దయ ప్రవహించవలెనో దానిని వారి హృదయాలలో మేల్కొల్పలేకపోయాడు. 363లో పారశీక యుద్ధంలో అతడు మరణించడంతో ఆ ప్రయత్నం ముగిసినది. ప్రత్యర్థిని ఓడించడానికి చేసే సేవ ప్రత్యర్థి ఉన్నంతవరకే ఉంటుంది. అరువు తెచ్చుకున్న కొమ్మను ఎండిన మోడుకు కట్టినంతమాత్రాన అది చిగురించదు.

కావున వైదికుడు పునరుత్థానాన్ని నమ్మవలసిన అవసరం లేదు. "అన్నీ ఒకటే" అని భేదాలను చెరిపివేయవలసిన పని అంతకంటె లేదు. దేహోత్థానం వేరు, ఆత్మనిత్యత్వం వేరు. ఆ భేదాన్ని దాచడం ఇరుపక్షాలకూ అవమానమే. అతడు చేయవలసినది ఒక్కటే: తాను నమ్ముతున్నానని చెప్పుకునే దానిని నిజంగా నమ్మడం. పునరుత్థాన విశ్వాసం నుండి పుట్టినవని ముందు చెప్పిన మూడు నిశ్చయాలకూ స్వదర్శనంలోనే గాఢతరమైన ఆధారాలు ఉన్నవి.

దేహం విసిరివేయదగినది కాదనడానికి వైదికునకు అంతర్యామి తత్త్వం ఉన్నది. ప్రతి దేహంలో నారాయణుడు నియామకుడై ఉన్నాడన్నది ఉపనిషత్సిద్ధాంతం. శిలావిగ్రహంలో ప్రాణప్రతిష్ఠ చేసి స్నానం, వస్త్రం, నైవేద్యం సమర్పించే అర్చకునకు, ప్రతిష్ఠ అవసరం లేకుండానే ఈశ్వరుడు వసించే దేహాలు దేవాలయం వెలుపల ఆకలితో కూర్చుని ఉన్నవని వేరుగా చెప్పవలసి రావడమే విచారకరం.

మరణం అంతిమం కాదనడానికి వైదికునకు ఒక భవిష్యద్ఘటన కోసం నిరీక్షించే పని కూడా లేదు. ఆత్మ ఎన్నడూ మరణించలేదు, కనుక లేవవలసిన అవసరమూ లేదు. క్రైస్తవుడు ఒకానొక ప్రభాతంలో జరిగినదని నమ్మే సంఘటనపై ఆధారపడి నిర్భయుడవుతుంటే, వేదాంతి త్రికాలాబాధ్యమైన సత్యంపై నిలబడి ఇంకెంత నిర్భయుడు కావలెను?

శ్రమ వ్యర్థం కాదనడానికి నిష్కామ కర్మయోగం ఉన్నది. ఆ మార్గంలో ప్రారంభించినది నశించదని, స్వల్పాచరణ కూడా మహాభయం నుండి రక్షిస్తుందని గీతాచార్యుని హామీ. ఫలాన్ని ఆశించనివానికి పరాజయం లేదు.

ఈ దర్శనాన్ని జీవించి చూపినవారు ఈ నేలపై లేకపోలేదు. తిరుక్కోట్టియూరులో గురువు రహస్యంగా ఉపదేశించిన మంత్రాన్ని, తనకు నరకం ప్రాప్తించినా సరే పలువురు తరిస్తారని భగవద్రామానుజులు గోపురం ఎక్కి ప్రకటించారని శ్రీవైష్ణవ సంప్రదాయం స్మరిస్తున్నది. కోనసీమలోని లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళ, కులం, ఊరు అడుగక వచ్చినవారికెల్ల అన్నం వడ్డించినది. ఆమె ఎవ్వరితోనూ పోటీపడలేదు. అతిథి దేవుడన్న మాటను నమ్మినది, అంతే. 1898లో కలకత్తాకు ప్లేగు భయం కమ్మినప్పుడు, మఠం కోసం కొన్న భూమినైనా విక్రయించి రోగులను సేవించడానికి వివేకానందులు సిద్ధపడ్డారు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో చిలుకూరు అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుని భుజాలపై ఎత్తుకుని లోనికి తీసుకువెళ్ళారు. లోకసారంగముని తిరుప్పాణాళ్వారును మోసిన పురాతన గాథను ఆయన వ్యాఖ్యానించలేదు, భుజాన వేసుకున్నారు.

వీరిలో ఎవ్వరికీ పునరుత్థాన విశ్వాసం అవసరం కాలేదు. స్వధర్మాన్ని నమ్మితే చాలునని వీరు నిరూపించారు. ఐతే వీరి పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పుకోవలసి రావడమే అభియోగం. దర్శనం సమాజానికి సామాన్య లక్షణమైతే ఉదాహరణలు వెదకవలసిన పని ఉండదు.

ఫలం

విశ్వాసం దినచర్యను మార్చడమంటే ఏమిటో 2020, 2021 సంవత్సరాలు నిర్దాక్షిణ్యంగా పరీక్షించినవి. కొవిడ్ మృతుల దేహాలను ఆసుపత్రులనుండి తీసుకువెళ్ళడానికి కొన్నిచోట్ల కన్నకొడుకులే ముందుకు రాలేదు. తగిన జాగ్రత్త వహించడం వివేకం, దానిని ఎవ్వరూ ఆక్షేపించరు. కాని జాగ్రత్తలన్నీ సాధ్యమైన తరువాత కూడా దూరంగా నిలిచినది భయం. అనాథప్రేత సంస్కారాన్ని మహాయజ్ఞఫలప్రదమని కీర్తించే సంప్రదాయంలో పుట్టినవారి తల్లిదండ్రులను, ఏ బంధుత్వమూ లేని వివిధ మతాల యువకులు దహనవాటికలకు మోసుకువెళ్ళారు. ఆ దినాలలో ఆత్మ నిత్యమని నమ్మినదెవరు? నోటితో పలికినవారా, భుజంతో మోసినవారా?

మరొక మహమ్మారి వచ్చేవరకు నిరీక్షించకుండానే ఈ విశ్వాసాన్ని ప్రతిదినం అభ్యసించవచ్చును. గృహస్థునకు శాస్త్రం విధించిన పంచమహాయజ్ఞాలు అందుకే. వాటిలో దేవయజ్ఞం ఒక్కటే పూజామందిరంలో మిగిలినది. మనుష్యయజ్ఞం గుమ్మం బయట, భూతయజ్ఞం పెరట్లో నిలిచిపోయినవి. ప్రతి ఇంట భోజనానికి ముందు ఒక పిడికెడు బియ్యం ఆకలిగొన్నవాని పేర తీసిపెట్టడం మనుష్యయజ్ఞానికి ఆరంభం. మంచం పట్టిన వృద్ధునకు స్వహస్తాలతో స్నానం చేయించడం అభిషేకానికి తక్కువ కాదు. మరణశయ్యపై ఉన్నవాని వద్ద చేయి పట్టుకుని కూర్చుని, భయపడవద్దని చెప్పగలగడమే ఆత్మవిద్యకు తుదిపరీక్ష. భర్తను కోల్పోయిన తల్లి చేతనే కుమారుని వివాహంలో తొలి అక్షతలు వేయించడం ఒక ఉపన్యాసం కంటె ఎక్కువ వేదాంతం. కాటికాపరికి, పారిశుద్ధ్య కార్మికునకు ఇంటివారు త్రాగే గ్లాసులోనే మంచినీరు ఇవ్వడం ఏ యజ్ఞానికీ విరుద్ధం కాదు.

అర్చకులకు, పురోహితులకు ఈ నియమం ద్విగుణంగా వర్తిస్తుంది. అపరకర్మల వేళ దుఃఖంలో మునిగిన ఇంటివారితో దక్షిణ కోసం బేరమాడే నోటితో వెలువడే మంత్రం ప్రేతకు దారి చూపుతుందేమో కాని, జీవించి ఉన్నవారికి ధర్మంపై దారి మూసివేస్తుంది. ఒక కుటుంబం శ్మశానం నుండి తిరిగివచ్చిన రాత్రి వారి ఇంటికి మొదట ఎవరు వచ్చారో ఆ కుటుంబం జీవితాంతం మరువదు. పాస్టరు వచ్చి ప్రక్కన కూర్చుని, పురోహితుడు పదవనాటి సామాను చీటీ మాత్రమే పంపితే, ఆ పిమ్మట జరిగే మతమార్పిడికి ఎవరిని నిందించవలెను?

పునరుత్థానాన్ని నమ్మే క్రైస్తవునితో వాదించదలచిన ఆస్తికునకు శాస్త్రం నిండుగా యుక్తులు ఇచ్చినది. వాటిని నిస్సంకోచంగా ప్రయోగించవచ్చును. ఐతే ఆ వాదానికి తీర్పు చెప్పేది సభ కాదు. ఊరి చివర నివసించేవాడు, ఆసుపత్రి వరండాలో ఒంటరిగా పడుకున్నవాడు, శవం ఇంటిముందు ఉంచుకుని నలుగురి కోసం చూస్తున్నవాడు, వీరే తీర్పరులు. అమృతత్వం గురించి ఎవరు ఎక్కువ చెప్పారని వారు అడగరు. ఎవరు వచ్చారని అడుగుతారు.

ఆ ప్రశ్నకు సమాధానం సిద్ధమైననాడు గీతాగానం వైకుంఠరథం దిగి ఇంటింటి ప్రాతఃకాలంలోనికి ప్రవేశిస్తుంది. దానిని విన్న పొరుగువాడు "ఎవరు పోయారు?" అని అడగడు. ఈ ఇంట ఎవరో మేల్కొన్నారని గ్రహిస్తాడు.

స్వస్తి.